బిల్లు, చట్టం, శాసనం

సందేహం: ‘మంత్రి శాసనసభలో కొత్త చట్టాన్ని ప్రవేశపెట్టారు’, ‘సభ చట్టాన్ని ఆమోదించింది’ అని వార్తలలో తరచుగా చదువుతున్నాను. సభలో పెట్టేది బిల్లు కదా? చట్టానికీ శాసనానికీ భేదమేమైనా ఉన్నదా? శాసనమంటే రాతిమీద చెక్కించినది మాత్రమేనని మా అబ్బాయి వాదిస్తున్నాడు.
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మీ అభ్యంతరం న్యాయమైనదే. సభ ముందుకు వచ్చేది బిల్లు. మంత్రి గాని సభ్యుడు గాని దానిని ప్రవేశపెడతారు. సభ్యులు ప్రతులు చదువుకొని, సవరణలు ప్రతిపాదించి, క్లాజుల వారీగా చర్చించి, చివరకు మూజువాణి ఓటుతోనో లెక్కింపుతోనో తమ నిర్ణయం చెబుతారు. శాసనమండలి ఉన్న రాష్ట్రంలో అది మండలికీ వెళుతుంది. ఆ పైన రాజ్యాంగం 200వ అధికరణం ప్రకారం గవర్నరు గాని, ఆయన నివేదించిన పక్షంలో రాష్ట్రపతి గాని సమ్మతించిన తరువాతనే అది చట్టమనిపించుకుంటుంది. ప్రవేశపెట్టిననాడే చట్టమనడం పెళ్ళిచూపులనాడే అల్లుడని పిలవడం వంటిది. ఆంధ్రప్రదేశ్ పరిపాలన వికేంద్రీకరణ బిల్లును శాసనసభ 2020 జనవరిలో ఒకసారి, మండలిలో ఆగిపోయినందువల్ల జూన్‌లో మరొకసారి ఆమోదించింది. గవర్నరు సమ్మతి లభించింది జూలై 31న. ఆ ఆరు నెలలూ దానిని చట్టమని రాసిన వారిది, పక్షమేదైనా సరే, తప్పే. భాష తెలిసిన విలేకరులు ఇంతమాత్రం జాగ్రత్త పడలేరా?

ఇక శాసనం. ఈ మాట దగ్గర కొంచెం నిలవాలి. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘శాసు అనుశిష్టౌ’ అని ఉన్నది. అనుశిష్టి అంటే ఉపదేశించడం, తెలియజెప్పి దారిలో పెట్టడం. శాస్త్రం, శిష్యుడు, శాసనం అనే మూడు మాటలూ ఈ ఒక్క ధాతువు బిడ్డలే. పాణిని వ్యాకరణానికి పతంజలి రాసిన వ్యాఖ్య, మహాభాష్యం, ‘అథ శబ్దానుశాసనమ్’ అని మొదలవుతుంది. అక్కడ ఎవరిమీదా అధికారం చెలాయించడం లేదు, సాధుశబ్దమేదో బోధించడం జరుగుతున్నది. అంపశయ్యమీది భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన ధర్మాలే ఆనుశాసనిక పర్వమయినవి, తిక్కన వాటిని తెనిగించాడు. నన్నయను వాగనుశాసనుడని మన పూర్వులు గౌరవించినది కూడా తెలుగు పలుకుకు ఒక తీరు నేర్పినందుకే. రాజాజ్ఞ అనే అర్థం దీనిని ఆనుకొని వచ్చింది. ఆ ఆజ్ఞను మోసిన రాతికి, రాగిరేకుకు కూడా అదే పేరు లక్షణార్థంలో, అంటే సంబంధాన్ని బట్టి, అంటుకున్నది. అందువల్ల మీ అబ్బాయి చెప్పిన అర్థం నిజమే గాని, అది చివర వచ్చి చేరినది.

అయితే రాతిమీది శాసనమే ఈ ధాతువు అసలు అర్థాన్ని ఎంత చక్కగా నిలిపిందో చూడండి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్రవర్తకులకు అభయశాసనం వేయించాడు. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వగైరాలను పూర్వపు రాజులు బలవంతంగా తీసుకొనేవారని, తాను మాత్రం దయతో, కీర్తికోసమూ ధర్మంకోసమూ, సుంకం తప్ప మిగిలినదంతా వదిలివేస్తున్నానని అందులో చెప్పాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పైకి ఒకటి. తరువాత సరుకుల వారీగా రేట్లు ఉన్నవి. పూర్వపు కీడు ఏమిటో, దానిని ఎందుకు మానుతున్నాడో, ఇకపై వసూలు చేసేది ఎంతో వరుసగా విప్పి చెప్పిన తీరు నేటి బిల్లులకు జతచేసే ఉద్దేశాలు, కారణాల ప్రకటనను గుర్తుకు తెస్తుంది. ఆ ప్రకటనను చదివి, ‘ఈ క్లాజు ఎవరిమీద పడుతుంది, ఈ మాటకు హద్దు ఎక్కడ’ అని అడిగే సభ్యుడు అనుశిష్టి చేస్తున్నాడు. ప్రతి తెరవకుండా చేయెత్తే వారికి శాసనసభ్యుడన్న పేరు ఎలా సరిపోతుందో నాకు తోచదు. చర్చ లేకుండా నిమిషాలలో బిల్లులను గట్టెక్కించి ‘సభ శాసనం చేసింది’ అని రాసుకోవడం ఆ మాటకు అపచారమే.

చట్టం ద్రావిడపదం. తమిళంలో ‘సట్టం’ అంటే చట్రమూ, కట్టడీ రెండూ. ముసాయిదా అరబ్బీ నుండి వచ్చింది, ఇంకా దిద్దవలసిన రాత అని అర్థం. దానిని మంత్రివర్గం ముందున్న చిత్తుప్రతికి ఉంచుకోవడం మేలు. మూజువాణి ఉర్దూ ‘ముఁహ్ జబానీ’కి తెలుగు రూపం, దానిని మార్చనక్కరలేదు.

సమ్మతి పొందిన ప్రతిని చట్టమనీ, చట్టాలు చేసే పనిని, అధికారాన్ని శాసనమనీ వాడుకుంటే స్పష్టంగా ఉంటుందని నా అభిప్రాయం. కాని ‘శాసనోల్లంఘనం’ వంటి పాత ప్రయోగాలలో శాసనం చట్టానికే పర్యాయంగా స్థిరపడింది కనుక, అలా వాడినవారిని తప్పుపట్టలేను. ‘చట్టాన్ని ప్రవేశపెట్టారు’ అన్నదానిని మాత్రం నేను ఒప్పుకోను. ‘బిల్లును ప్రవేశపెట్టారు’ అంటే నిర్దుష్టం.