బీటెక్ తర్వాత మీడియా, కల్చర్‌లో పీజీ చేస్తే ఏమొస్తుంది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మీడియా, కల్చర్, కమ్యూనికేషన్‌లో పీజీ చేయొచ్చా అని అడిగారు. యాంకర్ అవ్వాలనో, కెమెరా పట్టాలనో అయితే వద్దు. ఆ పని ఏ స్టూడియోలోనో కొన్నాళ్లు తిరిగితే వచ్చేస్తుంది. టీవీ ముందు కూర్చున్న మనిషి మీద ఆసక్తి ఉంటే మాత్రం కళ్లు మూసుకుని చేరండి.

నా ఎం.ఏ. డిసర్టేషన్ కోసం జగిత్యాల వైపు ఒక ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇళ్లలో కూర్చుని సీరియళ్లు చూశాను. బ్రిటన్‌లో కల్చరల్ స్టడీస్ పండితుడు స్టువర్ట్ హాల్ 1973లో చెప్పిన లెక్క క్లాసులో నూరిపోశారు: చూసేవాళ్లు టీవీ చెప్పింది చెప్పినట్టు ఒప్పుకుంటారు, లేదా కొంత ఒప్పుకుని కొంత కాదంటారు, లేదా అడ్డం తిరుగుతారు. ఆ మూడు గళ్లూ గీసుకుని వెళ్లాను.

ఒక పెద్దమ్మ టీవీకి ఎదురుగానే కూర్చుంది, తల మాత్రం ఎత్తదు. ఒళ్లో చాట, అందులో పొగాకు, కత్తిరించిన తునికాకు. ఆకులో పొగాకు పోసి చుట్టడం, కొన మడవడం, దారం కట్టడం. సీరియల్లో కోడలిని ఇంట్లోంచి గెంటేస్తున్నా చేతులు ఆగలేదు.

“చూడట్లేదేంటి పెద్దమ్మా?” అన్నాను.

“సూసుడెందుకు బిడ్డా, ఇనవడ్తలేదా? సూపు అటు పెడితే బీడీ వంకరైతది, టేకేదారు తీసి పక్కకేస్తడు. ఆ పైసలు సీరియలోడు ఇస్తడా?”

పెద్దమ్మ నా మూడు గళ్లలో దేనిలోనూ పట్టలేదు. ఒకే డైలాగు మీద మూడుసార్లు ఢాం ఢాం అని ఎందుకు మోగిస్తారో అప్పుడు అర్థమైంది. తెలుగు సీరియల్ అంటే చేతులు ఖాళీ లేనివాళ్ల కోసం తీసే రేడియో నాటకం. ఓవరాక్షన్ అని వెక్కిరించేవాళ్లంతా రిమోట్ పట్టుకుని ఖాళీగా కూర్చునేవాళ్లే. ఎవరేమన్నా నేను ఈ మాట మీదే ఉంటాను.

ఇదంతా ఇంగ్లీషులో రాయాల్సి రావడం ఇంకో బాధ. పెద్దమ్మ మాటల్లోని వెటకారం ఫుట్‌నోట్‌కి కూడా ఎక్కలేదు. చుట్టాల గోల సరే సరి, “ఏ ఛానల్లో కనిపిస్తావు?” అని ఇప్పటికీ అడుగుతారు.

ఉద్యోగమంటారా, టెక్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్, అంటే జనం యాప్‌లూ అవీ ఎలా వాడుతున్నారో దగ్గరుండి గమనించడం, దాదాపు ఇదే పని. మీకు బీటెక్ ఉంది కాబట్టి అక్కడ మా కంటే మీకే నయం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బోల్ హైదరాబాద్ అని 90.4 ఎఫ్ఎం మీద కమ్యూనిటీ రేడియో, అంటే చుట్టుపక్కల జనం కోసం నడిపే చిన్న రేడియో, ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు 2008లోనే సంఘం రేడియో మొదలుపెట్టారు. అప్లికేషన్ నింపే ముందు అలాంటి చోటికి ఒకసారి వెళ్లి రండి. లక్షల్లో ఫీజు తీసుకునే ప్రైవేటు కాలేజీ అయితే ముందు సిలబస్ తెప్పించుకుని చూడండి, ఫీల్డ్‌వర్క్‌కి కనీసం ఒక సెమిస్టర్ లేకపోతే డబ్బు కట్టకండి.