కుందేలు కోసం మోడు దగ్గర కాపలా: బడి పోస్టర్ గురించి పెద్దమ్మ ఉత్తరం

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. షాంఘైలో పిల్లాడి బడివాళ్లు చెంగ్యు (నాలుగక్షరాల చైనా సామెత) కథ మీద షోవ్‌చావ్‌బావ్ చేసుకురమ్మన్నారని రాశావు. పేరు పెద్దదేగానీ పని చిన్నదే. చేతిరాతతో, బొమ్మలతో నింపిన ఒంటిపేజీ పత్రిక అది. నీకు చైనీస్ చదవడం రాదు కాబట్టి, కంటితో చూసి సరిపోల్చుకోగలిగేలా చెబుతాను.

కథ ‘షోవ్ జూ దై తు’ తీసుకోండి, అంటే మోడు దగ్గర కాపలా కాస్తూ కుందేలు కోసం ఎదురుచూడటం. చైనా మూడో తరగతి పిల్లలు చదివేదే. సోంగ్ రాజ్యంలో ఒక రైతు పొలంలో చెట్టు మోడు ఉంది. పరుగెత్తుకొచ్చిన కుందేలు దానికి గుద్దుకుని మెడ విరిగి చచ్చింది. రైతు పనిముట్టు పక్కన పెట్టేసి, ఇంకో కుందేలు వస్తుందని ఆ మోడు దగ్గరే కూర్చున్నాడు. కుందేలు రాలేదు, దేశమంతా అతన్ని చూసి నవ్వింది. అంతే కథ. ముందు పిల్లాడి చేత దీన్ని తెలుగులో నీకు చెప్పించు. చెప్పలేకపోతే రాయలేడు.

కాగితం అక్కడ 8కె అని అమ్మేది తీసుకో. దాదాపు 38 × 26 సెం.మీ. ఉంటుంది, అడ్డంగా వాడాలి. మందం 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు)కి తగ్గితే స్కెచ్ పెన్ రంగు వెనక్కి దిగుతుంది. చుట్టూ ఒకటిన్నర సెం.మీ. వదిలి, పైన 5 సెం.మీ. శీర్షికకు ఉంచండి. మిగిలిన చోటులో ఎడమవైపు రాత, కుడివైపు ఒకే పెద్ద బొమ్మ.

రాతలో చాలామంది దెబ్బతినేది గళ్ల లెక్క దగ్గర. మూలకథ 39 చైనీస్ అక్షరాలు, 8 విరామ చిహ్నాలు. అక్షరానికో గడి, చిహ్నానికీ ఒక గడి కావాలి. పేరా మొదట్లో రెండు గళ్లు ఖాళీ వదలడం అక్కడి ఆనవాయితీ. వరుసకు 12 గళ్లు గీస్తే రెండో వరుస చిహ్నంతో మొదలవుతుంది, అది తప్పు. 13 గళ్లు గీయండి. నాలుగు వరుసల్లో 11, 13, 13, 10 చొప్పున నిండుతాయి, ఏ వరుసా చిహ్నంతో మొదలుకాదు. గడి 1.2 సెం.మీ., వరుసల మధ్య 0.6 సెం.మీ. అంటే పెట్టె 15.6 × 6.6 వస్తుంది. దానికింద పిల్లాడి సొంత మాటల్లో కథ, 80 అక్షరాలకు మించకుండా. ఆఖర్న ఎక్కడిదో ఒక్క వాక్యం: ప్రాచీన చైనా తత్వవేత్త హాన్ ఫెయ్ (మరణం క్రీ.పూ. 233) రచనల్లో ‘వూ దూ’ అధ్యాయం. పాతకాలపు రాజుల పద్ధతులతోనే ఇప్పటి జనాన్ని ఏలాలనుకునేవాళ్లను ఎత్తిపొడవడానికి ఆయన ఈ కథ చెప్పాడు. బడిలో చెప్పే నీతి, అదృష్టాన్ని నమ్ముకుని పని మానొద్దని. రెండూ రాస్తే పోస్టర్‌కు బరువొస్తుంది.

శీర్షికలో నాలుగక్షరాలు, ఒక్కోటి 4 సెం.మీ. చదరం. గీతలు లెక్కపెట్టు: వరుసగా 6, 10, 9, 8. చివరిది కుందేలు. దాని కుడివైపు కింద ఉండే చుక్క పోతే అది వేరే అక్షరమైపోతుంది, బోలు అక్షరాలు గీసేటప్పుడు ఎక్కువగా పోయేది ఆ చుక్కే. పైన పిన్‌యిన్ (ఇంగ్లిష్ అక్షరాల్లో చైనీస్ ఉచ్చారణ) రాస్తే మొదటి మాటకు దిగి లేచే గుర్తు, రెండోదానికి అడ్డగీత, చివరి రెండింటికీ కిందికి జారే గీత. మొదటి మాటలో గుర్తు ఇంగ్లిష్ ‘ఓ’ (o) మీద, మూడో మాటలో ‘ఏ’ (a) మీద పడాలి.

బొమ్మ సంగతి కొంచెం పట్టించుకో. ఇది సోంగ్ రాజ్యం, ఇప్పటి హెనాన్ రాష్ట్రంలో షాంగ్‌చ్యూ ప్రాంతం. క్రీ.పూ. 286లో అంతరించింది. క్రీ.శ. 960లో మొదలైన సోంగ్ వంశం వేరు. పేరు ఒకటే కదా అని పిల్లలు ఆ కాలపు దుస్తులు చూసి దించేస్తుంటారు. వెనక పొడుగు జడ వేస్తే ఇంకా అన్యాయం, అది 1644 తర్వాత చింగ్ వంశపు పాలకులు పెట్టించింది. రైతుకు నడినెత్తిన ముడి, పొట్టి అంగీ. అంగీ మెడ దగ్గర ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి, ఎదుటివాళ్లకు ఇంగ్లిష్ చిన్న వై అక్షరంలా కనిపిస్తుంది. తిరగేస్తే శవానికి కట్టినట్టు. చేతిలోది నాగలి కాదు, రెండు కొనలున్న చెక్క తవ్వుకోల. మోడుకు ఆకులు వేయనివ్వకు. పొలంలో కలుపు ఏపుగా పెరిగినట్టు వేయొచ్చుగానీ, ఆ మాట మూలంలో లేదు, మూలకథ పెట్టెలో రాయకూడదు. ఎర్ర లాంతర్లు, పాండాలు ఉన్న రెడీమేడ్ నమూనాలు అచ్చు తీసి దిద్దించడం నాకు నచ్చదు. వాటికీ కథకూ సంబంధమే ఉండదు.

వరుస తప్పొద్దు. తేలిగ్గా పెన్సిల్, తర్వాత నీటికి చెదరని 0.5 పెన్నుతో రాత, ఆపైన బొమ్మ గీతలు. పది నిమిషాలు ఆరాక రబ్బరు, ఆఖర్న రంగులు. పెన్సిల్ గీత మీద స్కెచ్ పెన్ పడితే ఆ గీత ఇక చెరగదు. రాసేటప్పుడు అరచేతి కింద చిత్తుకాగితం పెట్టించు. ఆకాశం, నేల రంగు పెన్సిళ్లతో చాలు. స్కెచ్ పెన్నుతో అంత చోటు నింపితే చారలు పడి కాగితం వంకరపోతుంది. రాత వెనక మాత్రం తెల్లగానే వదిలేయండి.

ఆయిల్ పాస్టెల్ వాడితే చుట్టచుట్టకు, అంటుకుంటుంది. పైన తెల్లకాగితం పరిచి, గట్టి ఫైల్లో పెట్టి పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ