విశాఖ సీగల్స్ వేసవిలో ఎక్కడికి పోతాయి?

ఫిషింగ్ హార్బర్ దగ్గర చలికాలమంతా కనిపించే సీగల్స్ దాదాపు అన్నీ వేసవిలో గుడ్లు పెట్టడానికి ఉత్తరాన, హిమాలయాల వైపు, వాటి అవతలి సరస్సులకు వెళ్లిపోతాయి. చలికాలంలో ఆ సరస్సులు గడ్డకట్టి తిండి దొరకదు. ఇక్కడైతే బోట్ల నుంచి పారేసే చిన్న చేపలకు, పేగులకు లోటుండదు. అందుకే చలి తగ్గేదాకా మన తీరంలో మకాం.

ఉదాహరణకు గోధుమరంగు తల సీగల్ లడఖ్, టిబెట్‌లలో 4,000 మీటర్లకు పైన ఉన్న సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచుతుంది. ఇక్కడ ఉన్నప్పుడు దాని తల తెల్లగా, కంటి వెనక ఒక్క నల్లటి మచ్చతో ఉంటుంది. తిరుగు ప్రయాణం దగ్గరపడేకొద్దీ తలకి గోధుమరంగు ముసుగు వేసినట్టు మారుతుంది. దాంతో ఇదేదో వేరే పక్షి అనుకునేవాళ్లూ ఉన్నారు.

డాల్ఫిన్స్ నోస్ కొండరాళ్లలో ఇవి గూళ్లు కడతాయని చాలామంది అనుకుంటారు. ఆ రాళ్లను చూస్తే అలా అనిపించడం సహజమే. కానీ ఈ జాతి కొండచరియల్లో గూడు పెట్టదు. సరస్సుల్లోని లంకల మీద, చిత్తడి నేలలో గుంపుగా గుడ్లు పెడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే చేపల వేట నిషేధం వల్ల పోతాయన్నదీ సరికాదు. బోట్లు తిరిగినా అవి వెళ్లేవే.