తోట పక్కన గ్యాస్ బావి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా కొబ్బరితోటకి ఆనుకునే గ్యాస్ కోసం డ్రిల్లింగ్ చేస్తున్నారు. రాత్రంతా రిగ్గు మోత, లారీలు తిరిగి కాలువ గట్టు కుంగిపోయింది. గ్యాస్ లీకైతే వాసన వస్తుందిలే అని మా నాన్నగారి ధీమా. నిజమేనా అండీ?

జవాబు: ఆ ధీమా వద్దండీ. వంటగ్యాస్‌కి వచ్చే వాసన మనకి తెలియాలని కలిపింది, భూమిలోంచి వచ్చే మీథేన్‌కి వాసనే ఉండదు. 2014 జూన్ 27న మీ కోనసీమలోనే నగరం గ్రామంలో పైపులైను లీకై, తెల్లవారుజామున జనం ఇంకా లేవకముందే అంటుకుంటే 20 మందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలు దాటి మండింది. ఇలాంటివి రోజూ జరగవు లెండి, రోజూ ఉండేది మీరు రాసిన మోతే. కానీ బుస్సుమని శబ్దం వచ్చినా, తెల్లగా పొగలా కనిపించినా స్విచ్చి ముట్టుకోకండి, బండి స్టార్ట్ చేయకండి, నడిచే దూరంగా వెళ్లి అప్పుడు ఫోన్ చేయండి. గట్టు ఫొటోలతో తహసీల్దారుకి అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఇంకోటి, మీ నూతి నీళ్లు ఇప్పుడే టెస్టు చేయించండి, రేపు ఉప్పగా మారితే ముందు బాగుండేవని చూపించడానికి ఆ కాగితమే దిక్కు.