జర్నల్ బాధ్యత అప్పగించేటప్పుడు

ప్రశ్న: 12 ఏళ్లుగా ఒక పరిశోధన జర్నల్‌కు ప్రధాన సంపాదకుడిగా ఉన్నాను. ఇక తప్పుకుందామనుకుంటున్నాను. ఎంత ముందుగా చెప్పాలి? సమీక్షలో ఉన్న వ్యాసాలను ఎవరు చూడాలి?

జవాబు: కనీసం ఆరు నెలల ముందు చెప్పండి, ఏడాది ముందైతే ఇంకా మేలు. వ్యాసం అందిన రోజు నుంచి అచ్చయ్యేదాకా నెలలు పడుతుంది కాబట్టి ఏ తేదీన తప్పుకున్నా కొన్ని వ్యాసాలు సగంలో ఉంటాయి. ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు నుంచి వచ్చే వ్యాసాలన్నీ కొత్తవారికి వెళ్లేలా చూడండి. అంతకుముందు వచ్చినా ఇంకా సమీక్షకులకు పంపనివి కూడా వాళ్లకే ఇవ్వండి.

చిక్కంతా సవరణలో ఉన్న వ్యాసాలతోనే. ఇద్దరు సమీక్షకులు చెప్పినదాంట్లో ఏది తప్పనిసరి, ఏది వదిలేయవచ్చు అన్నది మీరు ఉత్తరంలో రాసి ఉంటారు. రచయిత దాన్ని నమ్మి సవరిస్తారు. ఆ దశలో కొత్తవారు వచ్చి ఇంకొకటి అడిగితే నష్టపోయేది రచయితే. అందుకే సవరణ కోరిన వ్యాసాలను మీరే ముగించాలి. అయితే దీనికీ గడువుండాలి, మూడు నాలుగు నెలలు చాలు. గడువు దాటినవాటిని మీరు రాసిన ఉత్తరాలతో సహా అప్పగించి, ఆ సంగతి రచయితకు తెలియజేయండి.

ఆఖరి నెలలో బల్ల ఖాళీ చేద్దామని గబగబా ఆమోదించకండి. పాత సంపాదకులు ఆమోదించినదాన్ని తీవ్రమైన లోపం బయటపడితే తప్ప కొత్తవారు తిరగదోడకూడదని ప్రచురణ నైతికతపై పనిచేసే కోప్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొందరలో మీరు ఒప్పుకున్న బలహీనమైన వ్యాసాన్ని వాళ్లు ఇష్టం లేకపోయినా అచ్చు వేయాల్సి వస్తుంది.

ప్రశ్న: పాస్‌వర్డ్‌లు, పాత ఈమెయిళ్లు అన్నీ కొత్త సంపాదకురాలికి ఇచ్చేయవచ్చా?

జవాబు: మీ లాగిన్ ఇవ్వకండి. వ్యాసాల స్వీకరణ, సమీక్ష నడిపే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వ్యవస్థల్లో ప్రతి నిర్ణయం ఖాతాదారు పేరున నమోదవుతుంది. మీ లాగిన్‌తో ఆమె పనిచేస్తే రేపు ఏదైనా ఫిర్యాదు వచ్చినప్పుడు ఏ నిర్ణయం ఎవరిదో తేల్చలేరు. ఆమెకు వేరే ఖాతా తెరిపించి, మీ ఖాతా అధికారాలు తగ్గించమనండి.

పాత ఈమెయిళ్లను కట్టగట్టి పంపడమూ మంచిది కాదు. సమీక్షకులు తమ పేరు గోప్యంగా ఉంటుందన్న మాట మీద రాస్తారు. ఆ పేర్లు జర్నల్ వ్యవస్థలో ఉండాలి, వ్యక్తుల ఇన్‌బాక్సుల్లో తిరగకూడదు. సమీక్షకుల గురించి చెప్పాల్సి వస్తే ఏ అంశంలో దిట్ట, గడువు పాటిస్తారా అన్నంతవరకే రాయండి. విడిగా అప్పగించాల్సింది తేలని ఫిర్యాదుల ఫైలు. గ్రంథచౌర్యం ఆరోపణో, దత్తాంశం (డేటా)పై అనుమానమో ఉంటే ఎవరు ఏ తేదీన ఏం రాశారు, మీరు ఏం జవాబిచ్చారు అన్నది ఒక్కో కేసుకు ఒక పేజీగా రాసిపెట్టండి. వ్యాసాన్ని ఉపసంహరించాల్సిన అవసరం ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి మీ జ్ఞాపకం ఒక్కటే ఆధారం కాకూడదు.

చిన్న సంఘాలు నడిపే జర్నళ్లలో మరో ప్రమాదం ఉంది. వెబ్‌సైట్ డొమైన్ చాలాసార్లు సంపాదకుల సొంత పేరున, సొంత కార్డుతో కొని ఉంటుంది. గడువు ముగుస్తోందని గుర్తుచేసే ఈమెయిల్ పాత చిరునామాకే వెళ్తుంది, గడువు తీరిపోతుంది. అలా వదిలేసిన డొమైన్లను కొని, అదే జర్నల్ పేరుతో రచయితల దగ్గర డబ్బు వసూలు చేసే మోసగాళ్లున్నారు. మీరు వెళ్లకముందే డొమైన్‌ను సంస్థ పేరుకు మార్పించండి. డీఓఐల (ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యల) కోసం, వాటిని నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థకు ఇచ్చిన సంప్రదింపు చిరునామానూ మార్చాలి. జర్నల్ గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్ గురించి దిగులు వద్దు, సంపాదకులు మారినంత మాత్రాన అది మారదు.

ప్రశ్న: ప్రచురణ సంస్థతో పడక సంపాదక మండలి అంతా కలిసి తప్పుకుంటే పాత పేరుతోనే జర్నల్ నడుపుకోవచ్చా?

జవాబు: పేరు ఎవరి సొత్తని ఒప్పందంలో ఉందో ముందు చూడండి. 2015లో భాషాశాస్త్ర జర్నల్ లింగ్వా సంపాదకులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. పేరు ప్రచురణకర్త ఎల్సెవియర్ దగ్గరే ఉండిపోయింది, రాజీనామా చేసినవాళ్లు గ్లోసా అనే కొత్త జర్నల్ పెట్టుకున్నారు.

ప్రశ్న: తప్పుకున్నాక సలహా మండలిలో ఉండమంటున్నారు. ఉండవచ్చా?

జవాబు: ఉండండి, నిర్ణయాధికారం మాత్రం వద్దు. మొదటి ఏడాది వాళ్లు అడిగితేనే చెప్పండి. మీ సొంత వ్యాసం అక్కడికే పంపదలిస్తే ముందు పాత ఖాతా అధికారాలు పూర్తిగా తీసేయించుకోండి. లేకపోతే మీ వ్యాసాన్ని సమీక్షిస్తున్నవారి పేర్లు మీకే కనిపించే అవకాశం ఉంటుంది.