దగ్గరి జింకకు ఏ గుండు?

ప్రశ్న: నాకు వేట లైసెన్సు ఉంది. దట్టమైన అడవిలో మంచె మీద కూర్చుంటాను. జింక కనబడేది 30, 40 గజాల్లోనే. .30-06 రైఫిల్‌లో ప్లాస్టిక్ మొన ఉన్న 150 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత; ఇది దాదాపు 10 గ్రాములు) గుండు వాడుతున్నాను. జింక పడుతోంది కానీ జబ్బ మాంసం సగం పారేయవలసి వస్తోంది. ఒకసారి గుండు జబ్బ ఎముకకు తగిలి లోతుకు దిగనే లేదు. ఇంకా వేగమైన తూటా కొనమంటున్నాడు నా మిత్రుడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, ఆ మిత్రుడి మాట వినకండి. మీ ఇబ్బందికి మూలమే వేగం. మీ తూటాలో గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 2,900 అడుగుల వేగంతో ఉంటుంది. 40 గజాల్లో అందులో తగ్గేది చాలా కొంచెం. ప్లాస్టిక్ మొన, సీసం మీద పలుచని రాగి తొడుగు ఉన్న గుండ్లలో చాలా వాటిని దూరాన వేగం తగ్గాక కూడా విచ్చుకునేలా తయారు చేస్తారు. అలాంటిది పూర్తి వేగంతో ఎముకను తాకితే పచ్చి మట్టిముద్దను గోడకేసి కొట్టినట్టే. తోలు ఒలిచినప్పుడు జబ్బ కింద పొరల మధ్య గడ్డకట్టిన నల్లటి నెత్తురు, అందులో సీసం తునకలు, రాగి రేకు ముక్కలు మీరు చూసే ఉంటారు.

ఖర్చు లేని దారి బరువు పెంచడం. అదే రైఫిల్‌లో 180 గ్రెయిన్ల మామూలు సీసపు మొన గుండు వేయండి. వేగం 2,700కు దిగుతుంది, గుండు లోతుకు పోతుంది. పాత .30-30 రైఫిల్‌లో 170 గ్రెయిన్ల గుండు వేగం 2,200 మాత్రమే. అయినా దట్టమైన అడవుల్లో తరతరాలుగా జింకలు దానికి పడుతూనే ఉన్నాయి. పెట్టె మీద వేగం అంకె చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతి రుచించదు.

ఇంకొంచెం పెట్టగలిగితే గట్టి గుండ్లు ఉన్నాయి. 1946లో జాన్ నాస్లర్ అనే అమెరికన్ వేటగాడు మూస్ అనే భారీ దుప్పిని వేగమైన మాగ్నమ్ తూటాతో కొడితే గుండ్లు పైపైనే చితికిపోయాయి. విసుగెత్తి ఆయన చేసిందే పార్టిషన్ గుండు. దాని నడుమ లోహపు అడ్డుగోడ ఉంటుంది. ముందు భాగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరకుండా సాగిపోతుంది. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ గుండ్లదీ ఇంచుమించు ఇదే పని. పూర్తి రాగి గుండయితే 150 గ్రెయిన్లే చాలు. అది రేకులుగా విచ్చుకుంటుంది, ముక్కలవడం అరుదు, మాంసంలో సీసం ఉండదు. విచ్చుకోవడానికి దానికి మంచి వేగం కావాలి, మీ దూరంలో ఆ కొరత లేదు. కాలిఫోర్నియా వంటి చోట 2019 నుంచి వేటలో సీసమే నిషేధం.

ఒకటి మాత్రం వద్దు: మొనను కూడా తొడుగు కప్పేసిన సైనిక తరహా గుండు. అది విచ్చుకోదు, సన్నని రంధ్రం చేసి వెళ్లిపోతుంది, జింక గాయంతో పారిపోతుంది. చాలా చోట్ల చట్టం కూడా ఒప్పుకోదు.

మంచె మీది నుంచి కొడుతున్నారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. గుండు పైన దూరి లోపలే ఆగిపోతే నెత్తురు రొమ్ములోనే నిలుస్తుంది, నేల మీద జాడ దొరకదు. అవతలి వైపు కింద రంధ్రం పడాలి. అందుకని జబ్బను వదిలి దాని వెనక ఊపిరితిత్తుల మీద గురి పెట్టండి, గుండు అవతలి ముందుకాలి వెనకగా కిందికి వచ్చేలా చూసుకోండి. అలా కొడితే పక్కటెముకలే తగులుతాయి, జబ్బ మాంసం మిగులుతుంది.

బరువైన గుండు పొదలను చీల్చుకుంటూ పోతుందన్న మాట నమ్మకండి. కొమ్మ తగిలితే ఏ గుండయినా దారి తప్పుతుంది. గుండు మార్చాక కాగితం మీద గురి మళ్లీ సరిచూసుకోండి. 100 గజాల దగ్గరే కాదు, మీరు నిజంగా కొట్టే 30 గజాల దగ్గర కూడా.