మాట రాని పాపని ప్రశ్న అడగడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: గాజువాకలో ఉంటారు, బీకాం చదివారు, పదకొండు నెలల పాప ఉంది. పాపని చూస్తూ చూస్తూ పసిపిల్లల మనస్తత్వం గురించి చదవాలనిపించింది. కానీ ఏది తెరిచినా ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేస్తున్నారు, ఎవరిని నమ్మాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ ఎంఏ చేశాను. ఇప్పుడు వైజాగ్‌లోనే పిల్లల ఎదుగుదల చూసే ఒక సెంటర్లో పనిచేస్తున్నాను. జవాబు కాస్త పెద్దది, పాప పడుకున్నాక చదవండి.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను, మిగతాదంతా దాంట్లోంచే వస్తుంది.

ఎంఏ రెండో ఏడు ప్రాజెక్టు కోసం జాలరిపేటలో కొన్ని ఇళ్లకి వెళ్లేదాన్ని. సంచిలో ఒక గిలక్కాయ, రెండు జేబురుమాళ్లు, ఒక నోట్‌బుక్కు. బిడ్డ చూస్తుండగా గిలక్కాయని గుడ్డ కింద దాచాలి, వెతుకుతాడో లేదో చూడాలి. కంటికి కనబడకపోయినా వస్తువు ఎక్కడికీ పోదన్న తెలివి ఎనిమిది నెలలు దాటాక మొదలవుతుందని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే అన్నాడు. ఆయన దాన్ని తన ముగ్గురు పిల్లల్ని దగ్గరుండి చూసి, రోజూ రాసుకుని చెప్పాడు. నాకూ అలా ఏదో కనిపెట్టేయాలని ఉబలాటం.

ఒకింట్లో పధ్నాలుగు నెలల బాబు. గిలక్కాయ దాచాను. వాడు గుడ్డ ముట్టుకోలేదు. నాయనమ్మ వైపు తిరిగి "ఊఁ, ఊఁ" అన్నాడంతే. మూడుసార్లు చేసినా అదే వరస. "వెతకలేదు, వస్తువు ఉందన్న జ్ఞానం ఇంకా రాలేదు" అని రాసేశాను. పక్కనే ఎండుచేపలు తిరగేస్తున్న నాయనమ్మ "ఏటి రాసినావమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఒకటే నవ్వు. "ఆడికి తెల్దేటి? గుడ్డ కింద ఉంది, తియ్యమని నాకు సెప్తన్నాడు కదా! మా ఇంట్లో ఆడేదీ తీసుకోడు, మేమే తీసిస్తాం."

మర్నాడు మా గైడ్ మేడమ్ ఆ పేజీ చూసి ఎర్రసిరాతో గీత కొట్టారు. "చూసింది రాయమన్నాను, అనుకున్నది కాదు. గుడ్డ తీయలేదు, నాయనమ్మని చూసి శబ్దం చేశాడు. నీకు కనిపించింది అంతే" అన్నారు. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ దాచుకున్నాను.

మీరు చదివిన గొడవల్లో సగం ఈ రకమే. గుడ్డ తీయకపోతే తెలియదని అర్థమా, తెలిసినా చెయ్యి ఆడలేదనా? 1985లో రెనే బయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ, స్టాన్లీ వాసర్‌మన్ కలిసి చేతుల్ని వదిలేసి కళ్లని అడిగారు. అయిదు నెలల పిల్లల ముందు ఒక అట్టపలకని పైకీ కిందకీ తిప్పారు. తర్వాత దాని వెనక ఒక పెట్టె పెట్టారు. పలక పెట్టెకి తగిలి ఆగిపోతే పిల్లలు కాసేపు చూసి ఊరుకున్నారు. పెట్టె అక్కడ లేనట్టే పలక పూర్తిగా వాలిపోతే ఎక్కువసేపు చూశారు. వింతగా తోచినదాన్ని పిల్లలు ఎక్కువసేపు చూస్తారు, అంటే పెట్టె ఉందని గుర్తుందన్నమాట అన్నారు వీళ్లు. ఎక్కువసేపు చూడ్డానికి ఇంకో కారణం ఉండకూడదా అని తర్వాత కొందరు పట్టుబట్టారు. ఇది పియాజేని చెత్తబుట్టలో వెయ్యడం కాదండీ, ప్రశ్న అడిగే పద్ధతి మార్చడం. నన్నడిగితే ఈ శాస్త్రంలో అసలు మజా సిద్ధాంతాల్లో కంటే ఈ ఉపాయాల్లోనే ఉంది.

1980లో వచ్చిన ఒక ప్రయోగంలో అప్పుడే పుట్టిన పిల్లల నోట్లో పాలపీక పెట్టారు. ఒక రకంగా చప్పరిస్తే అమ్మ గొంతు, ఇంకో రకంగా చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు వినిపించే ఏర్పాటు. పిల్లలు అమ్మ గొంతు వచ్చేలా చప్పరింపు మార్చుకున్నారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మన 'త', 'ట'ల ప్రయోగం. ఇంగ్లిషు వాళ్ల చెవికి ఈ రెండూ ఒకటే. కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ఈ శబ్దాల్ని ఇంగ్లిషు ఇళ్ల పసిపిల్లలకి వినిపించారు. శబ్దం మారినప్పుడు తల తిప్పితే పక్కనున్న బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్లు తేడా చక్కగా పట్టారు. పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి చాలామందికి ఆ చెవి పోయింది. హిందీ ఇంట్లో పెరిగే పిల్లలకి మాత్రం పోలేదు. 1984లో అచ్చయింది. మీ పాపది సరిగ్గా అదే వయసు. మీ ఇంట్లో వినపడే మాటలకి తన చెవిని సానబెట్టుకుంటోంది, వినపడనివి వదిలేస్తోంది.

ఇక ఎవరిని నమ్మాలన్న సంగతి. పెద్దవాళ్లు నాలుక బయటపెడితే పుట్టిన కొన్నాళ్లకే పిల్లలు అనుకరిస్తారని 1977లో మెల్ట్‌జాఫ్, మూర్ చెప్పారు. నేను చదువుకున్న పాఠాల్లో ఇది తిరుగులేని సత్యం. 2016లో ఆస్ట్రేలియా వాళ్లు 106 మంది పిల్లల్ని పుట్టిన వారం నుంచి తొమ్మిది వారాల దాకా చూసి, అనుకరణేమీ కనిపించలేదన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. అందుకే నేను ఏ పరిశోధన చేతికొచ్చినా ముందు ముగింపు చదవను. ఎంతమంది పిల్లలు, ఏ వయసు, బిడ్డ నిజంగా చేసిందేమిటి, వేరే ఎవరైనా మళ్లీ చేసి చూశారా, ఇవి వెతుక్కుంటాను.

ఎవరి పిల్లలు అన్నది కూడా చూడాలి. తల్లీబిడ్డల అనుబంధాన్ని కొలిచే మేరీ ఐన్స్‌వర్త్ పరీక్ష తెలిసే ఉంటుంది. కొత్త గది, కొత్త మనిషి, అమ్మ బయటికెళ్లి తిరిగి రావడం, మొత్తం ఇరవై నిమిషాలు. ఆవిడ ముందు ఉగాండాలో ఇళ్లకి వెళ్లి తల్లుల్నీ పిల్లల్నీ చూసి, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఈ పరీక్ష తయారుచేశారు. పొద్దుటి నుంచి పక్కింటి అత్త, మేడమీద తాతగారు, పాలబ్బాయి అందరూ వచ్చి ఎత్తుకునే ఇంట్లో బిడ్డకి 'కొత్త మనిషి' ఎవరు? అమ్మ చంకలోంచి దిగని బిడ్డకి ఆ గది ఎలా ఉంటుంది? జపాన్‌లో చేసినప్పుడు కొందరు పిల్లలు ఒంటరిగా ఉండలేక గుక్కపట్టి ఏడ్చారు, ఆ భాగం కుదించాల్సి వచ్చింది. వాళ్ల ఇళ్లల్లో బిడ్డని అలా వదలరు మరి.

నడక మీద టెన్షన్ పడుతున్నానని కూడా రాశారు. మన పెద్దాళ్లు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులకి అరిసెలు, పలుకులకి చిలకలు పంచుతారు కదా. అందులో వరస ఉంది గానీ తేదీల్లేవు, గమనించారా? తేదీలు కావాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లల్ని చూసి ఇచ్చిన లెక్క ఉంది. ఆసరా లేకుండా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురైదుగురు మోకాళ్ల మీద అసలు పాకనే లేదు. మీకింకా బోలెడు టైముంది. పద్దెనిమిది నెలలకీ నడవకపోతే, లేదా అంతకుముందు నేర్చుకున్నది చేయడం మానేస్తే, అప్పుడు మాత్రం "మా వంశంలో అందరూ ఆలస్యమే" అని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.

సైకాలజీని కోర్సుగానే చదవాలనుకుంటే, ఆ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆంధ్రా యూనివర్సిటీలో ఉన్నది కె. రామకృష్ణారావు గారు మొదలుపెట్టిన విభాగం. దాని పేరు 'సైకాలజీ, పారాసైకాలజీ'. పారాసైకాలజీ అంటే టెలిపతీ లాంటివాటిని పరిశీలించే శాఖ. చేరేటప్పుడు మా నాన్న "దయ్యాల చదువా?" అని అడిగారు. అర్హతలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. స్టాటిస్టిక్స్ అంటే జంకకండి, బీకాం వాళ్లకి నిజానికి అది మేలు. కానీ ఎంఏ ఒక్కదానితో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోకూడదు, దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన వేరే శిక్షణ, రిజిస్ట్రేషన్ ఉండాలి. చేరేముందు ఇది తెలియక బాధపడినవాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు.

ఇప్పటికైతే ఒక నోట్‌బుక్కు కొనండి. ఎడమ పేజీలో చూసింది, కుడి పేజీలో అనుకున్నది. మొదటి రోజు పని: పాప ముందు రెండు గుడ్డలు పరచండి. తనకిష్టమైన వస్తువు ఎడమ గుడ్డ కింద మూడు నాలుగుసార్లు దాచండి, తీసుకోనివ్వండి. తర్వాత తను చూస్తుండగానే కుడి గుడ్డ కింద దాచండి. ఈ వయసు పిల్లలు కొందరు మళ్లీ ఎడమ గుడ్డే తీస్తారు. పియాజే పట్టుకున్న తమాషాల్లో ఇదొకటి, ఎందుకలా చేస్తారన్నది ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మీ పాప ఏ గుడ్డ తీసిందో, మీ మొహంలోకి చూసిందో, గుడ్డనే నోట్లో పెట్టుకుందో ఎడమ పేజీలో రాయండి. నా అనుభవంలో మూడోదే ఎక్కువ, అందుకని ఉతికిన గుడ్డలు తీసుకోండి.